తవిటమ్మకు లంకంతా ఇచ్చిన వాయనం

తదియ. నీటికీ మెట్టు దగ్గరి పలక మీది ఎర్ర గీతకూ రెండు వేళ్ళ ఎడం.

డ్రమ్ముల మీద తేలే మా లంక మళ్ళీ అర వేలు మునిగింది.

కారణం వెతకనక్కర్లేదు. నది గట్టు నుంచి మనుషుల్నీ సామానునూ దాటించే అమావాస్య పంటు మీద మూడు కొత్త మిక్సీలు దిగాయి, పాతవి ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కవు కూడా. వస్తువు చేతులు మారాలంటే ఇచ్చేవారు "ఇస్తినమ్మ వాయనం" అనాలి, తీసుకునేవారు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి, ఆ రెండు మాటలూ ప్రతి వస్తువులోనూ పొదిగి ఉండే మిషను గింజ వినాలి. అప్పుడుగాని సొంతదారు మారరు. ఈ సంగతి గట్టు మీది జనానికి బాగా తెలుసు. మా లంక మనిషి కనబడితే చాలు, పెదవులు బిగించేస్తారు. పోయిన నెల గట్టు మీద బస్సు కండక్టరు నాకు టిక్కెట్టంతా సైగల్లోనే కొట్టాడు.

పోనీ నీళ్ళలో పారేద్దామంటే ఆ ముచ్చటా తీరింది. పేరంటాలకు పెద్ద మా వీధి వరహాలమ్మ. ఆవిడ మొన్న పాడైన గ్రైండరును ఎవరూ చూడకుండా నీళ్ళలోకి దొర్లించింది. వదిలేసిన వస్తువు ఊరుకోదు, నీళ్ళలో తోసినా, చెప్పకుండా నూరు బారల అవతలికి పోయినా. ఆఖరున దాన్ని ఇచ్చినవారి గొంతుతో సొంతదారుని పిలుస్తుంది. ఆ గ్రైండరు ఇచ్చింది ప్రెసిడెంటుగారి భార్య. రెండు రోజులపాటు నీళ్ళ అడుగు నుంచి "వరహాలూ, నన్ను వదిలేసి పోతావుటే వరహాలూ" అని ఆవిడ గొంతే వినబడింది. ఆవిడేమో ఒడ్డున నిలబడి తన గొంతు తానే విని, "నేనింత బొంగురుగా మాట్లాడతానా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి వరహాలమ్మే కొక్కెం వేయించి పైకి లాగించుకుంది. గ్రైండరుతోపాటు ఒక బుట్టెడు బురద అదనం.

ఈ పుస్తకం రాసేది గంటి నూకరత్నం, వయసు యాభై ఆరు, లంకకు గీత చూసే మనిషి. ఈ ఉద్యోగం నా తెలివితేటలు చూసి ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన పోయాడు. పొద్దున్నే విధవరాలు ఎదురైతే పనులు చెడతాయి కదా, అందరూ లేవకముందే నీళ్ళ దగ్గరికి దిగిపోయే పనైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని ప్రెసిడెంటుగారు దయతో ఇచ్చారు.

చవితి. ఒకటిన్నర వేళ్ళ ఎడం.

నడక మిషను ఈ ఏడాది పదిహేడో ఇంటికి చేరింది. దాని మీద ఎవరూ ఎప్పుడూ నడవలేదు. మొదటి సొంతదారు తడి బట్టలు ఆరేశాడు, రెండోవారు అప్పడాలు ఆరబెట్టారు, తర్వాత అది నోముకో వ్రతానికో ముస్తాబై ఇల్లిల్లూ తిరుగుతోంది. బొట్టు పెట్టి ఇచ్చినదాన్ని కాదంటే అరిష్టమని పుచ్చుకుంటారు, మర్నాటినుంచి తాము ఏ నోము పట్టాలా అని పంచాంగం తిరగేస్తారు. లంకలో ఇప్పుడు ఏడాదికి మూడొందల పైచిలుకు నోములున్నాయి.

నా ఇల్లు మాత్రం తేలిక. విధవరాలికి వాయనం ఇవ్వరు, ఆమె చేతిది పుచ్చుకోరు. లంక మొత్తం మీద కాళ్ళు బారచాపుకుని పడుకోగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన పోతూ పోతూ చేసిన ఒకే ఒక్క మేలు.

సాయంత్రం తవిటమ్మ వచ్చి నా ఫ్యాను బాగుచేసి పోయింది. వాళ్ళు శ్రీకాకుళం వైపు మనుషులు, వాళ్ళ ఊరు సముద్రంలో కలిసిపోతే మూడు నెలల కిందట ఈ లంకకు వచ్చారు. ఆమె, ఆమె మొగుడు సింహాద్రి, ఒక స్క్రూడ్రైవరు, రెండు చాపలు. సింహాద్రి నోట్లో నాలుక లేని మనిషి. ఆమెకు మాత్రం అందరి వాటాకూ సరిపోయే నాలుక ఉంది. చచ్చిన వస్తువుకు ప్రాణం పోస్తుందిగాని, మూడు నెలలైనా లంకలో ఒక్కరూ వాళ్ళ గడప తొక్కలేదు. నన్ను మాత్రం వచ్చిన రోజే "అప్పా" అంది, వాళ్ళ వైపు అక్కను అలాగే పిలుస్తారట. నాకు చెల్లెళ్ళు లేరు. ఆ పిలుపు మొదట్లో చిరాకుగా ఉండేది, ఇప్పుడు రోజూ ఆ పిలుపు కోసం ఫ్యాను పాడవకుండానే పాడైందంటున్నాను.

ఒక సంగతి ఇక్కడ రాసిపెట్టాలి, నా తప్పు గనక. లంకకు కొత్తగా వచ్చినవారికి నిబంధనలు చదివి వినిపించాల్సింది గీత చూసే మనిషే. తొమ్మిదో నిబంధన ఇది: "నీరు ఎర్ర గీతను తాకినచో, అందరికంటె ఆఖరున వచ్చిన కుటుంబము తన సమస్త వస్తువులతో సహా మొదటి పంటుపై లంకను విడిచి పోవలెను." ఎనిమిది చదివి ఆపేశాను. చాపలు దించుకుంటున్న మనుషులతో మొదటిరోజే చెడ్డమాట ఎందుకని ఊరుకున్నాను.

పంచమి. తాకింది.

మూడుసార్లు దిగి చూశాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఎర్రరంగు మీద నీళ్ళు ఆడుతున్నాయి. అబద్ధం రాద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ నీళ్ళు అందరికీ కనబడతాయి కదా.

సాయంత్రం మీటింగు. ప్రెసిడెంటు గుత్తుల పట్టాభిగారు గొంతు సవరించుకుని, "లంక మునిగితే అందరం మునుగుతామండి. రూలు రూలేనండి. ఎవరి మీదా మనకేం కోపాల్లేవు కదండీ?" అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు. అందరి తలలూ మాత్రం తవిటమ్మ ఇంటివైపే తిరిగాయి. వాళ్ళిద్దరూ మీటింగుకు రాలేదు, ప్రెసిడెంటుగారి ఇంట్లో ఏసీ బాగుచేస్తున్నారు.

"బరువు తగ్గాలంటే సామాను తగ్గించాలి గాని మనుషుల్ని తగ్గిస్తే ఏమొస్తుందండీ?" అన్నాను. నా మాటకు విలువెంతో నాకు తెలుసు, అయినా అన్నాను.

"సామాను ఎవరు పుచ్చుకుంటారండీ?" అంది వరహాలమ్మ. అంతటితో ఆగిపోయింది. తర్వాత ఆవిడ మొహంలో నెమ్మదిగా ఒక వెలుగొచ్చింది. ఆ వెలుగేమిటో నాకు అర్థం కాలేదు.

షష్ఠి. ఎర్ర గీత మీద పావు వేలు నీళ్ళు.

సమస్త వస్తువులతో సహా. ఆ మాట పట్టుకున్నారు. తవిటమ్మ ఏ వస్తువుకు సొంతదారయితే ఆ వస్తువు పౌర్ణమి పంటు ఎక్కి పోతుంది.

పొద్దున తొమ్మిదింటికల్లా వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకాలు పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరింది. వెనకాల నలుగురు మగాళ్ళు నడక మిషను మోస్తున్నారు. దానికి మామిడాకులు కట్టారు. తవిటమ్మ చేతులు చీరకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు. "ఇస్తినమ్మ వాయనం" అంది వరహాలమ్మ.

తవిటమ్మ మొహం చూసి ఉండాల్సింది. ఒక్కసారి అంటే చాలదేమోనని "పుచ్చుకుంటినమ్మ వాయనం" రెండుసార్లు అంది.

సప్తమి. అంతే ఉంది.

వీధి చివరిదాకా వరస. నలభై ఇళ్ళ లంకలో ఒక్క గుమ్మం ముందు ఇంత జనాన్ని నేనెన్నడూ చూడలేదు. నోముకు పేర్లు కూడా దొరకలేదు పాపం. ఒకావిడ "కుక్కర్ల గౌరి" నోమట, మూతలు లేని కుక్కర్లు ఏడు తెచ్చింది. ఇంకొకావిడ కవర్ల కవరు తెచ్చింది. లంకలో ప్రతి ఇంటికీ వంటింట్లో మేకుకు ఒక కవరు వేలాడుతుంది, దాని నిండా కవర్లు. ఈవిడది అత్తగారి అత్తగారి కాలంనాటిది. దాన్ని ఇద్దరు మోశారు. ఎలకబోను, అంచులు విరిగిన వేంకటేశ్వరస్వామి క్యాలెండరు చట్రం, ఎవరి ఫోనుకూ పట్టని చార్జర్ల దండ. చార్జర్లను పూలదండలాగే కట్టి తెచ్చారు, తవిటమ్మ మెడలో వేశారు.

నేను వీధి అంచున నిలబడి చూశాను. లోపలికి నన్ను ఎవరూ పిలవరు, పేరంటం కదా.

అందరూ వెళ్ళాక తవిటమ్మ పరుగున వచ్చింది. "ఒలమ్మా అప్పా, ఈళ్ళెంత మంచోళ్ళప్పా! మూడు నెల్లు ఎవులూ మాటాడనేదు గాని, ఇప్పుడు సూడు, బొట్టెట్టి మరీ ఇస్తన్నారు. మావూర్లో నా పెళ్ళికి కూడా ఇంతమంది రానేదు."

చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మొహంలో సంతోషం ఆరిపోతుందని ఊరుకున్నానని రాద్దామనుకున్నాను, అది సగమే నిజం. చెబితే, నిబంధన ముందే ఎందుకు చదవలేదప్పా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడ్డాను.

నవమి. అంతే.

ప్రెసిడెంటుగారు మగమనిషి, నోములు పట్టడం ఎబ్బెట్టుగా ఉంటుందని సన్మానం పెట్టారు. స్టేజీ, మైకు, బెలూనులు. "ఉత్తమ మరమ్మతు మహిళ" బిరుదు. ముప్పయ్యేళ్ళుగా ఆయనకు వచ్చిన మెమెంటోలు అరవయ్యొకటి, శాలువాలు నూటపది, అన్నీ వరసగా తవిటమ్మకే. మెమెంటోల మీద ఆయన పేరే ఉంది, ఆ పేరు మీద తెల్లకాగితం అంటించారు. శాలువా మీద శాలువా కప్పుతూ పోతే ఇరవయ్యో శాలువాకు తవిటమ్మ కనబడటం మానేసింది. అందులోంచి "పుచ్చుకుంటిని, పుచ్చుకుంటిని" అని గొంతు మాత్రం వస్తోంది. జనం చప్పట్లు కొట్టారు. సింహాద్రి స్టేజీ కింద నిలబడి పెళ్ళాం కోసం మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాడు, ఆ గ్లాసు ఎటు అందించాలో తెలియక.

నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఇంటికి వచ్చాక అన్నం దిగలేదు.

దశమి. అంతే.

ఇవాళ నేనూ ఇచ్చాను.

మా ఆయన కుర్చీ. మూడు కాళ్ళది. తొమ్మిదేళ్ళుగా గోడకు ఆనించి ఉంచాను. కూర్చోవడానికి పనికిరాదు, నా చేతిది పుచ్చుకునే మనిషి లేదు. తవిటమ్మ పుచ్చుకుంటుందని తెలుసు. ఆమె ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. తెలిసి తెలిసి చంకన పెట్టుకుని వెళ్ళాను.

"నా చేతిది పుచ్చుకోవచ్చో లేదో, మీ ఆచారం ఎలాగో" అన్నాను, గడప బయటే నిలబడి.

"సేతికేటయ్యిందప్పా?" అని నా చేయి తిప్పి చూసింది, దెబ్బ తగిలిందనుకుని. తర్వాత కుర్చీని చూసింది. "ఇస్తిని అనప్పా, మరేటి అలగ నిలబడిపోయావు?"

ఇస్తిని అన్నాను. పుచ్చుకుంది. నేను వీధి దాటకముందే నాలుగో కాలు తొడిగేసింది. సుత్తి చప్పుడు వినబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. వరహాలమ్మను ఈ పుస్తకంలో ఎన్ని మాటలన్నానో, అవన్నీ నాకూ వర్తిస్తాయి.

ఏకాదశి. అంతే, కానీ తవిటమ్మ ఇల్లున్న మూల లంక రెండు వేళ్ళు వంగింది.

ప్రెసిడెంటుగారు కొత్త ప్రకటన చదివారు. ఈసారి ఆఖరివాళ్ళు పోతారు సరే, మళ్ళీ గీత మునిగితే? అప్పుడు ఇంటింటి బరువు లెక్క చూసి, ఎవరి పేరు మీద బరువు ఎక్కువుంటే వాళ్ళు పోవాలి. అంతే, ఊరికి పిచ్చెక్కింది. మధ్యాహ్నానికల్లా రుబ్బురోళ్ళు, మంచాలు, బీరువాలు, ఆఖరికి బీరువాలోని బట్టలతో సహా తవిటమ్మ పేరు మీదికి వెళ్ళిపోయాయి. పెట్టడానికి ఆమె ఇంట్లో చోటెక్కడుంది? "ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వమ్మా, మాట పుచ్చుకుంటే చాలు" అన్నారు.

సాయంత్రం వరహాలమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. ప్రతి ఇంటి కిందా దాన్ని తేల్చే ఎనిమిది డ్రమ్ములున్నాయి కదా. గుల్లలు పట్టి ఒక్కొక్కటీ మనిషంత బరువుంది, వాటికీ గింజలున్నాయి. అవి కూడా సామానే కదా?

"డ్రమ్ములు ఇచ్చేస్తే ఇల్లు దేని మీద నిలబడుతుందండీ?" అని అడిగాను.

"అదేంటండీ నూకరత్నంగారూ, కాగితం మీదేనండి" అన్నారు ప్రెసిడెంటుగారు. "డ్రమ్ములెక్కడికీ కదలవు కదా. ఉన్నచోటే ఉంటాయి, పేరు మారుద్ది. అంతే."

తవిటమ్మను ఇంటింటికీ తిప్పి, నేల మీద కొబ్బరికాయ కొట్టించి, డ్రమ్ములు ఇచ్చారు. ముప్పయ్యెనిమిది ఇళ్ళవి, మూడొందల నాలుగు డ్రమ్ములు. నా డ్రమ్ములు నేనివ్వలేదు. మంచితనం కాదు, కుర్చీ ఇచ్చిన మర్నాడు మళ్ళీ ఆ గడప తొక్కడానికి మొహం చెల్లలేదు.

త్రయోదశి. తవిటమ్మ మూల నాలుగు వేళ్ళు వంగింది.

ఈ రోజు చెప్పేశాను. ఆమె మెమెంటోల గుట్ట పక్కన కూర్చుని కుక్కరుకు మూత తయారుచేస్తోంది. తొమ్మిదో నిబంధన మొదటినుంచి చివరిదాకా చదివాను. నేను ముందే చదవాల్సిందని, చదవలేదని, అందరూ ఎందుకు ఇస్తున్నారో నాకు మొదటిరోజునుంచీ తెలుసునని, తెలిసే కుర్చీ ఇచ్చానని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. దాచుకోవాల్సిందేమీ లేదు.

తవిటమ్మ మూత బిగించి, తిప్పి చూసింది. "తెల్సప్పా."

"ఎప్పటినుంచి?"

"మెమెంటోల కాడ్నుంచి. నాకంత సన్మానం సెయ్యరు కదా ఎవులూ, తిన్నగా ఉన్నోళ్ళు." నవ్వింది. "అంతకు ముందు మాత్రం నిజమే అనుకున్నానప్పా. మూడు రోజులు నిజమే అనుకున్నాను."

పైట చెంగుతో మొహం తుడుచుకున్నాను.

"మరి తెలిసి కూడా ఎందుకు పుచ్చుకున్నావే?"

"మూడూర్ల నుంచి తోలీసినారప్పా మమ్మల్ని. మూడుసార్లూ సేతులూపుకుంటూ ఎల్లినాం. ఈపాలి సామాన్లున్నాయి కదా. బాగుసేసుకుంటే బతకలేమేటి?" సింహాద్రి వైపు చూసింది. అతను తల ఊపాడు. "పైగా బొట్టెట్టినారు. దేనికెట్టినా బొట్టు బొట్టే కదప్పా."

పౌర్ణమి. పొద్దున: ఎర్ర గీత మీద పావు వేలు.

పంటు తొమ్మిదింటికి వచ్చింది. ఉన్నచోట వదిలిన బీరువాలూ మంచాలూ రుబ్బురోళ్ళూ అన్నీ మోసుకొచ్చి ఎక్కించారు. ఇంత ఉత్సాహంగా మావాళ్ళు ఏ పనీ చెయ్యడం నేను చూడలేదు. ప్రెసిడెంటుగారు స్వయంగా మెమెంటోల బస్తా భుజాన వేసుకున్నారు. సామాను ఎక్కేకొద్దీ లంక లేచింది. మధ్యాహ్నానికి ఎర్ర గీత బయటపడి, దాని కింద నాలుగు వేళ్ళు తడి పలక కనబడింది. జనం ఈలలు వేశారు.

చివరగా తవిటమ్మ, సింహాద్రి ఎక్కారు. ఆమె అందరికీ దండం పెట్టింది. పంటు కదిలింది. నేను మెట్టు మీద కూర్చుని లెక్కపెడుతున్నాను, ఎందుకో నాకే తెలియదు. ముప్పై బారలు, అరవై, తొంభై.

నూరో బార దాటగానే ప్రెసిడెంటుగారి ఇంటి కింద నుంచి ప్రెసిడెంటుగారి గొంతు వచ్చింది. "తవిటమ్మా! నన్ను వదిలేసి పోతున్నావామ్మా!"

ప్రెసిడెంటుగారు నా పక్కనే ఉన్నారు. నోరు మూసుకునే ఉన్నారు.

తర్వాత వరహాలమ్మ ఇంటి కింద నుంచి వరహాలమ్మ. ఎనిమిది డ్రమ్ములు, ఎనిమిది వరహాలమ్మలు. ఆపైన వీధి వీధంతా, మూడొందల నాలుగు డ్రమ్ములు, నీళ్ళలో సగం మునిగిన గొంతులతో, "తవిటమ్మా, వెళ్ళిపోకు తవిటమ్మా, మేమేం చేశామమ్మా" అని లంకంతా కిందనుంచి ఏడ్చింది. పైన నిలబడ్డవాళ్ళు తమ గొంతులు తాము వింటూ చెవులు మూసుకున్నారు. అరికాళ్ళ కింద చెక్కలు అదురుతున్నాయి.

పంటు వెనక్కి తిరిగింది. దాన్ని నడిపే సరంగు విసుక్కుంటూ దిగాడు. "ఆర్డరులో సమస్త వస్తువులతో సహా అనుందండి. ఈ గోలతో నేను నది దాటితే నా లైసెన్సు పోద్ది. ఓ గునపం ఇప్పించండి, డ్రమ్ములు ఊడదీసేద్దాం." అని తిన్నగా ప్రెసిడెంటుగారి ఇంటి కిందికి వంగాడు.

"ఆగవయ్యా బాబూ, ఆగు!" అన్నారు ప్రెసిడెంటుగారు. పంటు వైపు తిరిగి, "అమ్మా తవిటమ్మా, 'వెళ్ళొస్తాను' అని ఒక్క మాట చెప్పెయ్యమ్మా, అవే ఊరుకుంటాయి" అన్నారు. అది నిజమే, ఊరెళ్ళేటప్పుడు సామానుకు ఆ మాట చెప్పే అందరం గడప దాటుతాం.

"రావద్దనే కదండీ పంపిస్తన్నారు" అంది తవిటమ్మ. "వొస్తానని అబద్ధమెలగ సెప్తానండీ?"

"పోనీ డ్రమ్ములు తిరిగి ఇచ్చెయ్యమ్మా, అందరం పుచ్చుకుంటాం."

"బొట్టెట్టి ఇచ్చినదాన్ని ఇచ్చినోళ్ళకే తిరిగిచ్చీడం మావూర్లో నేదండి."

వెళ్తే లంక విడిపోతుంది. ఇవ్వదు. కనక ఉండాలి. ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆమె పంటు దిగగానే డ్రమ్ములు ఒక్కసారిగా ఊరుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ప్రెసిడెంటుగారు, "ఉండమ్మా, ఉండు. మన లంకే కదా" అన్నారు. లంక ఇప్పుడు నిజంగా ఎవరిదో ఆయనకు ఆ మాట అన్నాక తట్టినట్టుంది, చెమట తుడుచుకున్నారు.

కానీ పంటు నిండా సామానుంది. దించితే ఎర్ర గీత మళ్ళీ మునుగుతుంది. పంపాలంటే సామాను వెంట సొంతదారు పోవాలి. ఎవరో ఒకరు పుచ్చుకుని, దానితోపాటు గట్టుకు పోయి, దాని దగ్గరే ఉండిపోవాలి. సరంగు అడిగాడు, "ఎవరండీ వచ్చేది?"

లంక మొత్తం పెదవులు బిగించింది. అచ్చం గట్టు మీది జనంలాగే. 

నాకు ధైర్యం ఉందని కాదు. నా ఇల్లు తేలిక, నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు, చదవాల్సిన నిబంధన చదవనిదాన్ని నేను. ఇవన్నీ ఆలోచించే లోపే కాళ్ళు ముందుకు పడ్డాయి. "నేను పుచ్చుకుంటాను" అన్నాను.

అప్పుడు నోళ్ళు విచ్చుకున్నాయి. "మీరెలా పుచ్చుకుంటారండీ?" అంది వరహాలమ్మ, నిజంగానే కంగారుపడిపోతూ. "వాయనం కదండీ! మీకు... మీకు ఇవ్వకూడదు కదండీ, అపచారం!"

తమ చెత్తంతా ఒక ఆడమనిషి నెత్తిన పెట్టి ఊరినుంచి పంపెయ్యడం అపచారం కాలేదు. ఇది అయింది. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను.

అనే అవకాశం తవిటమ్మ ఇవ్వలేదు. వరహాలమ్మ చేతిలోని పళ్ళెం అందుకుంది. వచ్చి నా ముందు చతికిలబడి కూర్చుని, నా పాదాలు తన ఒళ్ళోకి లాక్కుంది. పసుపు రాసింది. తొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని పాదాలు, చక్కిలిగింతలు పెట్టినట్టయి వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు. లేచి నుదుట బొట్టు పెట్టింది. కాస్త వంకరగా పెట్టింది.

"మాయప్పకి కాక ఎవులికిస్తాను?" అంది, అందరికీ వినబడేట్టు. తర్వాత పంటు వైపు చేయి చాపింది. "ఇస్తినమ్మ వాయనం."

పసుపు పాదాలతోనే పంటు వైపు తిరిగాను. 

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

పంటు మీద గింజలన్నీ ఒక్కసారి టిక్కుమన్నాయి. గీత చూసే పని, కొత్త పుస్తకం తవిటమ్మకు అప్పగించాను. నా డ్రమ్ములు ఎనిమిదీ కూడా ఇచ్చాను, ఇంటితో సహా.

బహుళ విదియ. గట్టు.

ఇక్కడ గీత లేదు. ఏం రాయాలో తెలియక అలవాటు కొద్దీ రాస్తున్నాను.

రేవు పక్కన ఖాళీ జాగా ఇచ్చారు. నా చుట్టూ గోడల్లాగా బీరువాలు. గట్టు జనం దూరంగా నడిచిపోతున్నారు, పెదవులు బిగించుకుని. రేవు గుమాస్తా మాత్రం కాగితం నింపాలి గనక నోరు విప్పక తప్పలేదు. "ఇదంతా చెత్తా అమ్మా?" అని అడిగాడు.

"వాయనం" అన్నాను. "మా చెల్లెలిచ్చింది."

ఇవాళ పొద్దున్న లేవగానే ఏం చెయ్యాలో తోచలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత దిగడానికి మెట్టు లేదు. తవిటమ్మ గీత సరిగ్గా చూస్తోందో లేదో, వరహాలమ్మ మళ్ళీ ఏ నోము మొదలెట్టిందో. మాట్లాడేవాళ్ళు లేక చెవులు గుయ్యిమంటున్నాయి. రేవు రోడ్డు పట్టుకుని నడిచాను. సామానుకు వెళ్ళొస్తానని చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద.

వెనక నుంచి బీరువాలు, కుక్కర్లు, అరవయ్యొక్క మెమెంటోలు, నడక మిషను అన్నీ కలిసి ఒకే గొంతుతో పిలిచాయి.

"అప్పా! నన్నొగ్గీసి ఎల్లిపోతన్నావేటప్పా!"

రేవంతా ఆగి చూసింది. సైకిళ్ళు దిగారు. గుమాస్తా బయటికి పరుగెత్తుకొచ్చి చేతులూపాడు. నేను రోడ్డు మధ్యలో నిలబడి, ఆ గోల కాసేపు విన్నాను. తర్వాత వెనక్కి వెళ్ళాను.